ఇంట్లో బొకే కట్టడం: పూర్ణా మార్కెట్ పూలు, కొబ్బరి ఈనెలు, ఒక రాత్రి నీళ్ళు

ప్రభుత్వోద్యోగి నెలలో ఏ తారీకున పుట్టినా రిటైరయ్యేది నెలాఖరునే. అందుకని మా ఆఫీసులో శాలువా, జ్ఞాపిక, బొకే అనే మూడింటి హడావుడి 28 దాటాక మొదలవుతుంది. చందాలు వసూలు చేసేది నేను కాబట్టి కొనుక్కొచ్చేదీ నేనే. రెండేళ్ళ కిందట అలాగే ఒక షాపులో బొకే కొన్నాం. మా సూపరింటెండెంటు గారు దాన్ని అందుకుని ఫొటోకి నవ్వుతుంటే ఒక గులాబీ తల ఊడి ఆయన చెప్పు మీద పడింది. వంగి తీసి చూస్తే దానికి కాడే లేదు, వట్టి పుల్ల గుచ్చి నిలబెట్టారు. షాపు పేరు ఎందుకులెండి. ఆ ఫొటో మాత్రం ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతూనే ఉంది.

తర్వాతి నెల నుంచి బొకే నేనే కడుతున్నాను. ఇప్పటికి ఇరవై దాకా కట్టి ఉంటాను. మొదటి మూడూ చూపించుకోదగ్గవి కావు. కానీ ఇక్కడ రాసేదాంట్లో సగం వాటిని పాడుచేసుకుని నేర్చుకున్నదే.

కట్టడానికి పట్టేది అరగంట. పువ్వుకి నీళ్ళు తాగించడానికి ఒక రాత్రి కావాలి. ఎల్లుండి ఫంక్షన్ అంటే రేపు పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళాలి. ఫంక్షన్ రోజు పొద్దున పూలు కొని, ఆటోలో కూర్చుని కట్టేద్దాం అనుకుంటే మాత్రం షాపు బొకేనే నయం.

నేను పూలకి పూర్ణా మార్కెట్‌కే వెళ్తాను. మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో. కూరలకి ఎంవీపీ రైతు బజారు దగ్గరే గానీ, పూలు ఏరుకోవాలంటే పూర్ణా మార్కెట్‌లోనే నాకు తృప్తి. ఆరున్నరకల్లా అక్కడ ఉంటాను. ఒక చిక్కు ముందే తెలుసుకోవాలి. మన మార్కెట్‌లో పూలు దేవుడికీ జడకీ దండకీ వచ్చినవి. చామంతి, బంతి కిలోల లెక్కన విడిపూలే అమ్ముతారు, కాడ అంగుళం కూడా ఉండదు. కాడతో దొరికేవి గులాబీలు, జెర్బెరాలు, లిల్లీ కాడలు, ఎప్పుడైనా గ్లాడియోలస్. లిల్లీ అంటే ఇక్కడ నేల సంపెంగే, దండల్లో వేసే ఆ తెల్ల పువ్వు. అది కూడా విడిగా రాశి పోసి ఉంటుంది. కాడలతో కావాలని అడిగితే లోపల్నుంచి తీసి ఇస్తారు. మొదటిసారి అడిగినప్పుడు అక్కడ కూర్చునే మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "కాడల్తో ఏటి చేస్తావమ్మా? దండ కట్టీమంటే కట్టీనా?" అంది. ఇప్పుడు నేను కనపడగానే, "నీ కాడలు తీసి ఉంచాను, పట్టుకెళ్ళు" అంటుంది.

ఒక బొకేకి నా లెక్క ఇది. గులాబీలు తొమ్మిది, జెర్బెరాలు ఐదు, లిల్లీ కాడలు నాలుగు, పసుపు చామంతులు పావు కిలో, మరువం రెండు కట్టలు. చామంతుల్లో బొకేకి పట్టేవి పదో పదిహేనో, మిగతావి ఇంట్లో దేవుడికి. పొడుగు కాడ గులాబీలు ఇరవై కట్టగా వస్తాయి, జెర్బెరాలు పది. అందుకే పక్కింటి అత్తయ్యగారితో ముందే మాట్లాడుకుని చెరిసగం పంచుకుంటాం. మామూలు రోజుల్లో నా వాటాకి నాలుగు వందలు దాటదు. శ్రావణ శుక్రవారాల్లోనూ, మార్గశిరంలోనూ ఈ లెక్క పనిచేయదు. మార్గశిర గురువారాలకి బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి ఊరు ఊరంతా కదులుతుంది, ఆ ముందు రోజు పూల రేటు అడగడానికే భయం వేస్తుంది. ఆ వారాల్లో ఐదే గులాబీలు తీసుకుని ఆకు ఎక్కువ వేస్తాను.

గులాబీని ఏరేటప్పుడు రేకులు చూడకండి, కింద తొడిమ పైన ఉబ్బుగా ఉండే చోట బొటనవేలితో మెల్లగా నొక్కండి. గట్టిగా తగిలితే కొత్త సరుకు. మెత్తగా లోపలికి పోతే నిన్నో మొన్నో వచ్చింది, మీ ఇంటికొచ్చాక ఒక్క పూటలో తల వాల్చేస్తుంది. బయటి రేకులు రెండు మూడు మొరటుగా, అంచుల్లో ఆకుపచ్చగా, కాస్త నలిగి ఉంటాయి. అవి చూసి వద్దనకండి. లోపలి రేకుల్ని ప్రయాణంలో కాపాడేవి అవే, బొకే కట్టే ముందు మనం తుంచేస్తాం. జెర్బెరాకి మెడ చూడాలి, పువ్వుకి కింద రెండంగుళాలు నిటారుగా ఉందా లేదా అని. లిల్లీ కాడకి అడుగున రెండో మూడో పూలు విచ్చి, పైనంతా మొగ్గలుండాలి. చామంతిని తిరగేసి వెనక చూడండి. వెనక రేకులు గోధుమరంగు తిరిగితే ముందు ఎంత అందంగా ఉన్నా వద్దు.

మల్లెలు, సన్నజాజులు బొకేలో పెట్టాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. సాయంత్రానికి ఎర్రబడి, బొకే మొత్తానికీ వాడిపోయిన కళ వచ్చింది. సింహాచలం సంపెంగలైతే ఇంకా నాజూకు, వేలు తగిలిన చోటల్లా నల్లబడతాయి. వాసన కావాలంటే లిల్లీ, మరువం చాలు.

తీసుకురావడం గురించి ఒక ముక్క. నా రెండో బొకేకి పూలు స్కూటీ ముందు నిలబెట్టి, చల్లగా ఉంటుందని బీచ్ రోడ్డు మీదుగా వచ్చాను. ఇంటికి వచ్చేసరికి ఐదు జెర్బెరాల్లో మూడింటికి మెడ విరిగింది. సముద్రపు గాలి మనకి హాయి, జెర్బెరాకి కాదు. ఇప్పుడు పాత పేపర్లో తలలు దాటేలా గట్టిగా చుట్టించుకుని, సంచిలో పెట్టుకుని, ఆటోలో వస్తున్నాను.

ఇక నీళ్ళు. మా అమ్మది విజయనగరం వైపు ఊరు. పెళ్ళిళ్ళకి పూలజడలు కుట్టేది. మొగ్గలు తెచ్చిన వెంటనే ఎవరైనా సూది పట్టుకుంటే, "ఏటే ఆ తొందర? ముందు దాన్ని ఊపిరి తీసుకోనీ" అని కసిరేది. తడిగుడ్డ మీద పరిచి చీకటి గదిలో పెట్టేది. బొకేకి అదే పని బకెట్‌తో చేస్తాం.

ఒక బేసిన్‌లో నీళ్ళు పోసి, గులాబీ కాడని నీళ్ళలో ముంచి ఉంచే, అడుగున అంగుళం మేర ఏటవాలుగా కోయండి. గాల్లో కోస్తే కాడ లోపలి సన్న గొట్టాల్లోకి గాలి బుడగ దూరుతుంది. ఆ బుడగ నీళ్ళని పైకి పోనివ్వదు. బకెట్ నిండా నీళ్ళున్నా గులాబీ మెడ వంచేసేది ఎక్కువగా అందుకే. పదునైన చాకు వాడండి. కత్తెర అయితే ఆ గొట్టాల్ని నొక్కేస్తుంది. ఏటవాలు ఎందుకంటే, తిన్నగా కోసిన కాడ బకెట్ అడుక్కి అతుక్కుని కూర్చుంటుంది. కింది సగంలో ఆకులన్నీ తీసేయండి, నీళ్ళలో ఒక్క ఆకు మునిగినా కుళ్ళుతుంది. ముళ్ళని గోనెగుడ్డ ముక్కతో పట్టుకుని కిందికి లాగితే ఊడతాయి. చాకుతో గీకితే తోలు లేచిపోతుంది, ఆ గాయం దగ్గర కాడ మెత్తబడుతుంది.

గులాబీలకీ లిల్లీలకీ బకెట్‌లో సగానికి పైగా నీళ్ళు. జెర్బెరాకి మాత్రం నాలుగు వేళ్ళ లోతు చాలు. దాని కాడ మీద సన్నటి నూగు ఉంటుంది, లోపల బోలు. లోతు నీళ్ళలో పెడితే తెల్లారేసరికి జిగురుజిగురుగా కుళ్ళుతుంది. కాబట్టి దానికి వేరే మగ్గు పెట్టండి. ట్యాంకు నీళ్ళు మిట్టమధ్యాహ్నం పడితే మే నెలలో స్నానానికి కాచినట్టుంటాయి, పొద్దున పట్టిన నీళ్ళు వాడండి. బాత్‌రూమ్‌లో చీకటి మూల, ఫ్యాన్ గాలి తగలని చోట, కనీసం నాలుగు గంటలు. నేనైతే రాత్రంతా ఉంచుతాను. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. మా అబ్బాయి ఒకసారి ఆ బకెట్ నీళ్ళే ఒంపేసి స్నానం చేసి వెళ్ళిపోయాడు.

పొద్దున్నకి ఒకటో రెండో గులాబీలు తల వాల్చి కనిపిస్తే పారేయకండి. పేపర్లో గొట్టంలా బిగించి చుట్టి, కాడ చివర మళ్ళీ కోసి, గోరువెచ్చని నీళ్ళలో మెడ దాకా ముంచి గంట సేపు నిలబెట్టండి. కొన్ని లేస్తాయి. లేవనివి పసుపుకుంకుమల పళ్ళెంలోకి.

ఇప్పుడు కాడ లేని చామంతి. పుల్లతో నిలబెట్టిన గులాబీ రాలిపోయిందని మొదట్లో చెప్పాను కదా. మరి నేనూ చామంతికి పుల్లే గుచ్చుతాను. గుచ్చడం తప్పు కాదు. గుచ్చి వదిలేస్తే రాలుతుంది. అమ్మ పూలజడకి మొగ్గల్ని ఈనెలకి గుచ్చేది, పెళ్ళికూతురు ఎంత తల తిప్పినా ఒక్కటి రాలేది కాదు.

కొత్త కొబ్బరి చీపురు లోంచి సన్నగా, వంకర లేకుండా ఉన్న ఈనెలు ఏరి గంట సేపు నానబెట్టండి. ఎండు ఈనె గుచ్చేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. చామంతిని ఎడమచేతిలో బోర్లించి పట్టుకుంటే మధ్యలో తొడిమ ముక్క కనిపిస్తుంది. ఈనె సన్న కొసని ఆ తొడిమ పక్కనుంచి, పువ్వు గుండెలోకి కొద్దిగా ఏటవాలుగా దించాలి. ఎదురు పడుతున్నట్టు వేలికి తెలుస్తుంది, అక్కడ ఆపేయండి. ఇంకా తోస్తే పసుపు మధ్యలోంచి కొస పైకి పొడుచుకొస్తుంది. తర్వాత ఇంకో ఈనెని అవతలి పక్కనుంచి అలాగే. రెండూ పువ్వు లోపల కత్తెర వేసినట్టు ఉంటాయి, కిందకి దిగేసరికి తొడిమకి చెరో పక్కన జంటగా దిగుతాయి. తడిపిన అరటినార పోగు తీసుకుని, తొడిమనీ రెండు ఈనెలనీ కలిపి నాలుగు చుట్లు చుట్టి ముడి వేయండి. తలకిందులుగా పట్టుకుని రెండుసార్లు విదపండి. ఊడలేదంటే ఇక ఊడదు. మొదటి దానికి ఐదు నిమిషాలు పడుతుంది, పదో దానికి ఒక నిమిషం. చామంతి నీళ్ళు లేకుండా ఒక రోజు నిక్షేపంగా ఉంటుంది కాబట్టి ఇది నడుస్తుంది. గులాబీకి నడవదు.

ఆకు విషయంలో జనం ఖర్చు పెడతారు గానీ అవసరం లేదు. మా బాల్కనీ కుండీలో అరెకా పామ్ ఉంది, నాలుగు చిన్న రెమ్మలు కోస్తాను. దానికి తోడు మరువం. కరివేపాకు రెమ్మ ఒకసారి పెట్టి చూశాను, గంటలో ముడుచుకుంది, పైగా సన్మానం మధ్యలో పోపు వాసన. మామిడాకు పెడితే గుమ్మానికి కట్టినట్టుంటుంది.

అన్నీ బల్ల మీద రకాల వారీగా పరుచుకున్నాక కట్టడం మొదలుపెట్టండి. ఇక్కడ అసలు కిటుకు ఒక్కటే, కాడలన్నీ ఒకే వైపుకి ఒరగాలి. కాడల్ని తిన్నగా పక్కపక్కనే పెట్టి బిగిస్తే చీపురు కట్ట అవుతుంది, పువ్వులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడకుండా ఉంటాయి. ఒకే వైపుకి ఒరిగిస్తే కట్టు దగ్గర సన్నగా, పైనా కిందా విచ్చుకుని డమరుకంలా వస్తుంది.

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి వదులుగా ఒక రింగు చేయండి. మంచి గులాబీ ఒకటి అందులో నిటారుగా పెట్టండి. పువ్వుకి కింద జానెడు దూరంలో వేళ్ళు ఉండాలి, బొకే అయ్యేదాకా ఆ చోటు మారకూడదు. రెండో కాడని దాని ముందు అడ్డంగా ఆనించండి, తల మీ ఎడమకి, తోక మీ కుడికి. చేతిలోని కట్టని కొంచెం తిప్పండి. మూడోది మళ్ళీ అలాగే, తల ఎడమకి, తోక కుడికి. మళ్ళీ తిప్పండి. ప్రతి కాడా ముందు వైపు నుంచే రావాలి, ప్రతిసారీ కట్ట తిరగాలి. తిరగలి తిప్పడం చూసిన వాళ్ళకి ఈ చేతి లయ తొందరగా పట్టుబడుతుంది. ఐదారు కాడలు పడ్డాక కింద చూస్తే కాడలు మెలి తిరిగి ఉంటాయి. ఒక్కటి అడ్డం తిరిగి ఎదురు వైపుకి ఉంటే దాన్ని తీసి మళ్ళీ పెట్టండి. పోనీలే అని వదిలేస్తే, బిగించేటప్పుడు ఆ ఒక్క కాడే పక్క జెర్బెరాని విరిచేస్తుంది.

నేను ముందు మూడు గులాబీలు, ఒక రెమ్మ మరువం, జెర్బెరా, మళ్ళీ గులాబీ ఇలా పోతాను. లిల్లీ కాడలు మిగతా వాటికంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉండాలి, లేకపోతే వాటి మొగ్గలు గులాబీల వెనక మాయమవుతాయి. ఈనె చామంతులు చివర్లో, అంచు చుట్టూ. ఈనె సన్నం కాబట్టి మొదట్లో పెడితే మధ్యలోంచి జారిపోతుంది. వాటి ఈనెలు కనపడకుండా మరువం. అరెకా ఆకు అన్నిటికంటే బయట, మెడకి కాలరులా.

పైనుంచి చూస్తూ కట్టే వాళ్ళకి ముందు వైపు ఎలా వచ్చిందో తెలియదు. అందుకని ప్రతి నాలుగైదు కాడలకీ అద్దం ముందుకెళ్ళి, బొకేని గుండెల దగ్గర పెట్టుకుని చూసుకుంటాను. సన్మానం ఫొటోలో కనిపించేది ఆ కోణమే. ఎక్కడైనా గుంట పడితే అక్కడి పువ్వుని తల కింద పట్టుకుని మెల్లగా పైకి లాగితే చాలు, విప్పక్కర్లేదు. ఎర్ర జెర్బెరాలు రెండు పక్కపక్కన పడితే దూరం నుంచి రెండు కళ్ళు మనల్నే చూస్తున్నట్టుంటుంది, వాటిని విడదీయండి.

కట్టడానికి అరటినారే. మార్కెట్‌లో దండలు కట్టే వాళ్ళని అడిగితే చిన్న చుట్ట ఇస్తారు. నానబెట్టి, వేళ్ళు ఉన్న చోటే మూడు చుట్లు చుట్టి ముడి వేయండి. దారం వాడితే మెత్తటి కాడల్లోకి కోసుకుపోతుంది. రెండు చేతులూ చాలకపోతే ముందు ఒక రబ్బరు బ్యాండ్ వేసి, మీద నార చుట్టండి, నామోషీ ఏం లేదు. ఆ తర్వాత కాడల చివర్లు అన్నీ ఒకే మట్టానికి కోసేసి బల్ల మీద నిలబెట్టండి. చెయ్యి తీసేసినా నిలబడితే మెలిక సరిగ్గా పడింది. నాది పడటానికి నాలుగో బొకే దాకా పట్టింది. ఆ రోజు మా ఆయన్ని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను.

పైన చుట్టడానికి మెరిసే ప్లాస్టిక్ వద్దు. మన ఊరి ఉక్కకి అది లోపల చెమట పట్టి, ఆ తడి రేకుల మీద మచ్చలు వేస్తుంది. పూల మీద నీళ్ళు చిలకరించడం కూడా ఇదే కారణానికి మానేశాను. కాడల చివరికి తడి దూది పెట్టి, చిన్న కవరు తొడిగి రబ్బరు బ్యాండ్ వేసి, దాని మీద ఖాకీ కాగితం. కిరాణా కొట్టులో పప్పు పొట్లం కట్టినట్టు ఒక మూల కిందికి పెట్టి, రెండు పక్కలా ముందుకి మడిచి, పాత పట్టుచీర అంచు ముక్కతో ముడి. అంచు దొరకకపోతే గోగునార తాడు.

ఇక నా మొదటి బొకే. అది మే నెలాఖరు. ఆ రోజు కార్నేషన్లు దొరికాయని గొప్పగా వాటితోనే కట్టాను. రాత్రి చల్లగా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టాను. కింది అరలో సువర్ణరేఖ మామిడిపళ్ళు ఉన్నాయి. పొద్దున తీసి చూస్తే కార్నేషన్లన్నీ రేకులు లోపలికి ముడుచుకుని నిద్రపోతున్నట్టున్నాయి, ఎంత నీళ్ళు పెట్టినా లేవలేదు. పండే పళ్ళ నుంచి ఎథిలిన్ అనే వాయువు వస్తుంది. కాయని పండించేదీ అదే, పువ్వుని తొందరగా ముసలిదాన్ని చేసేదీ అదే. కార్నేషన్లకి మరీ పడదు. అరటిపళ్ళయినా అంతే. ఫ్రిజ్ ఖాళీ చేసి పెట్టగలిగితే సరే, లేకపోతే చీకటి గదిలో బకెట్టే మేలు. ఇంతకీ ఆ నెల సార్‌కి బొకే లేదు, ఆ మామిడిపళ్ళే బుట్టలో సర్ది ఇచ్చాం. చాలా సంతోషపడ్డారు.

బొకే ఇచ్చేటప్పుడు ఇంట్లో వాళ్ళకి ఈ నాలుగు మాటలు చెప్పి ఇవ్వండి. కాగితం, దూది తీసేసి, నార ముడి విప్పకుండానే పొడుగు గ్లాసులోనో స్టీలు చెంబులోనో నిలబెట్టాలి. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు సరిపోతాయి. లీటరు నీళ్ళకి రెండు చెంచాల పంచదార, ఒక చెంచా నిమ్మరసం, రెండు చుక్కల బ్లీచ్ వేస్తే మంచిది. పంచదార పువ్వుకి ఆహారం, బ్లీచ్ లేకుండా అది ఒక్కటే వేస్తే నీళ్ళలో సూక్ష్మజీవులకి విందు. రోజూ నీళ్ళు మార్చాలి, రెండు రోజులకోసారి కాడల చివర అరంగుళం కోయాలి. చామంతులు మర్నాడే ఈనెల నుంచి తీసి వెడల్పాటి గిన్నెలో నీళ్ళ మీద వదిలేయొచ్చు.

పోయిన నెల రిటైరైన మేడమ్ ఐదో రోజు ఫోన్ చేశారు. గులాబీలు అయిపోయాయి గానీ లిల్లీలు ఇంకా విచ్చుకుంటున్నాయి, మొగ్గలు పైన చిన్నవి అలాగే ఉండిపోయాయి, ఏం చేయమంటావు అని. లిల్లీ అడుగు నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. కొసన ఉండే ఆ బుల్లి మొగ్గలు ఎలాగూ విచ్చవు, వాటిని గోటితో గిల్లేసి, కింద వాడినవి తుంచేస్తే మధ్యవాటికి బలం అందుతుంది. అలాగే చెప్పాను. ఎనిమిదో రోజు ఫొటో పెట్టారు, స్టీలు చెంబులో ఒక్క లిల్లీ కాడ, దానికి రెండు పూలు.